తాడు చూడని ఉదయం

ప్రత్తిపాడు సెంటర్లో టీ తాగుతూ ఎవరైనా చెట్ల పని గురించి మాట్లాడుకుంటే ఇప్పటికీ ఒక మాట వస్తుంది. "మోకు కట్టుకోకుండా వేపచెట్టెక్కి తుంటి విరగ్గొట్టుకున్నాడే, ఆయన లాగా చెయ్యమాక" అంటారు. ఆ పడిన మనిషితో నేను ఏళ్ళ తరబడి పనిచేశాను. ఆయన పైన, నేను కింద. ఆ రోజు ఆయన మోకు కట్టుకునే ఎక్కాడు. కట్టుకోలేదన్న మాట పుట్టింది నా నోట్లోంచి. అది ఎట్లా పుట్టిందో, దాన్ని తీసెయ్యడానికి ఏం చేశానో ఇక్కడ రాస్తున్నాను. నోటితో చెప్పిన మాట ఊరు దాటేలోపే మారిపోతుందని నాకు బాగా తెలిసింది కాబట్టి రాసి పెడుతున్నాను.

మా పనిని జనం చెట్లు కొట్టడం అంటారు. కొట్టడం ఇందులో తేలికైన భాగం. పొలం గట్టు మీద ఒంటరిగా నిలబడ్డ తుమ్మచెట్టును గొడ్డలి పట్టగలిగిన వాడు ఎవడైనా కొడతాడు. మమ్మల్ని పిలిచేది చెట్టు కింద ఏదో ఒకటి ఉన్నప్పుడు. రేకుల షెడ్డు, కరెంటు తీగ, కొత్తగా రంగు వేసిన ప్రహరీ, పక్కింటివాళ్ళ కారు. అప్పుడు కొమ్మను కొయ్యగానే సరిపోదు, దాన్ని చంటిబిడ్డను దించినట్టు కిందికి దించాలి. పైన మనిషి కోస్తాడు, కింద మనిషి తాడుతో దించుతాడు. నేను కింద మనిషిని. మా వాళ్ళు తాడు మనిషి అంటారు.

మా సామాను పెద్దగా ఏమీ ఉండదు. పెట్రోలుతో నడిచే రంపం మిషన్లు రెండు. మానుకు పెద్దది, పైన ఒంటి చేత్తో పట్టుకోవడానికి చిన్నది. చిన్నదాన్ని ఆయన నడుముకు తాడుతో వేలాడదీసుకుని ఎక్కేవాడు. దాని గొలుసు పళ్ళకు పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు నేను ఏదో ఒక అరుగు మీద కూర్చుని ఆ పళ్ళన్నిటికీ ఆకురాయి పట్టేవాణ్ణి. ఇక మోకు. తాటిచెట్లు ఎక్కే గీత కార్మికులు నడుమునూ మానునూ కలిపి చుట్టుకునేదాన్ని మోకు అంటారు కదా. మాది బకిల్ ఉన్న పట్టీ బెల్టే అయినా పేరు మాత్రం అదే నిలిచిపోయింది. ఆ తర్వాత తాడు. మిగతావన్నీ ఆయనవి. తాడు నాది.

తాడును పైన గట్టి పంగలోంచి పోనిచ్చి, ఒక కొస కొయ్యబోయే కొమ్మకు కడతాం. రెండో కొసను కింద మానుకు చుట్లు తిప్పి నేను పట్టుకుంటాను. బరువును మోసేది ఆ చుట్లే. నా చేతుల పనల్లా వాటిని బిగించడం, వదలడం. రంపం మోగుతుంటే మాట వినపడదు. ఆయన పిడికిలి బిగిస్తే పట్టమని, వేళ్ళు విప్పితే వదలమని. కొమ్మ మొదలు ముందు కిందికి రావాలి. చిగురు ముందు నేలకు తగిలిందా, మొదలు వెనక్కి తన్ని, పైనున్న మనిషి మీదికే వస్తుంది. ఆ తన్నును ఆపేది తాడే.

అందుకని మాలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే పని మొదలయ్యే ముందు తాడు మనిషి తాడు మొత్తాన్ని చేతుల్లోంచి లాగి చూస్తాడు. కళ్ళతో కాదు, వేళ్ళతో. లోపల పోగు తెగితే అక్కడ తాడు మెత్తగా, పీచులా చేతికి తగులుతుంది. ఎక్కే మనిషి మాత్రం తాడు చూడడు. చూడకూడదు. చూశాడంటే తాడు మనిషిని నమ్మలేదని అర్థం. ఒకసారి నరసరావుపేట వైపు నుంచి వచ్చిన కుర్రవాడొకడు ఎక్కబోతూ తాడు తడిమి చూస్తే, ఆ తాడు మనిషి పని మానేసి ఇంటికి వెళ్ళిపోయాడు. అంత పట్టింపు. ఎక్కేవాడు ఒక్క మాటే అడుగుతాడు, "చూశావా?" అని. "చూశా" అంటే ఎక్కుతాడు. అంతే.

మేమిద్దరం మొదట కలిసింది గుంటూరులో ఒక అడితిలో, ఆయన కర్రలు కోస్తుండగా. నేను అప్పటికి మిరప వేసి రెండేళ్ళు దెబ్బతిని ఏదో ఒక పని వెతుక్కుంటున్నాను. ఆయన నన్ను బావా అని పిలిచేవాడు. వాళ్ళ ఇంట్లో ఆమె అన్నా అనేది. పండగకు వాళ్ళ సేమ్యా మా ఇంటికి, మా బూరెలు వాళ్ళింటికి. పైన నిలబడి కూడా ఆయన నోరు ఆగేది కాదు.

"బావా, నీ పొట్ట పెరుగుతుంది. ఇంకొన్నాళ్ళు పోతే మానుకు చుట్లెందుకు, నీకే చుట్టుకోవచ్చు తాడు."

"ముందు నువ్వు దిగి మాట్లాడు. పైన కూర్చుని ఎవరైనా మాట్లాడతారు."

అట్లా ఉండేవాళ్ళం.

అది మిరప కల్లాల కాలం. ప్రత్తిపాడుకు దగ్గర్లో ఒక రైతు కల్లం మీదికి వేపచెట్టు కొమ్మ ఒకటి బాగా చాచుకుని ఉంది. ఆ నీడ పడినంత మేరా కాయ సరిగా ఎండటం లేదు, రంగు పోయి తాలు అవుతుందని రైతు గోల. కాయల్ని ఎత్తి వేరే చోట పోసే తీరిక లేదు. వేపాకు కూడా కాయల్లో కలవకుండా కొమ్మను దించాలన్నాడు.

"ఆకు కలిస్తే మిర్చి యార్డులో నన్ను చంపుతారయ్యా. ఎట్లా దించుతారో మీ ఇష్టం" అన్నాడు.

ముందు రోజు మా బావమరిది ఆ తాడు అడిగి తీసుకెళ్ళాడు. ఇల్లు కట్టుకుంటున్నాడు, చీమకుర్తి నుంచి గ్రానైటు పలకలు తెచ్చుకోవాలి, బండి మీద కట్టడానికి గట్టి తాడు కావాలన్నాడు. ఇవ్వకూడదు. తాడు మనిషి తన తాడును దేనికీ ఇవ్వడు. అది కూడా మా పద్ధతే. కానీ ఇంటి అల్లుణ్ణి, భార్య తమ్ముడు అడిగితే తాడు లేదని ఎట్లా అంటాను? ఇచ్చాను. తెల్లారే సరికి తిరిగి తెచ్చి, బాగా చుట్టచుట్టి, మా గడపలో పెట్టి వెళ్ళాడు. బండి మట్టి అంటిందని కడిగాడు కూడా. చూడటానికి కొత్తదానిలా ఉంది. ఆ పొద్దున నాకు ఆలస్యమైంది. చుట్టను అట్లాగే ఆటోలో వేసుకుని పోయాను.

ఆయన అప్పటికే చెట్టు కింద చెప్పులు విడిచి మోకు బిగించుకుంటున్నాడు. బకిల్ నొక్కిన చప్పుడు నాకు వినపడింది. ఇప్పటికీ వినపడుతుంది.

"చూశావా?" అన్నాడు.

"చూశా" అన్నాను.

ఎందుకన్నానంటే చెప్పడానికి నా దగ్గర పెద్ద కారణం లేదు. ఆయన మోకు కట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. రైతు కల్లం అవతలి నుంచి కేకేసి తొందరపెడుతున్నాడు. నిన్నటిదాకా బాగున్న తాడు, ఈ పూటకు ఏమవుతుందిలే అనుకున్నాను. బావమరిదికి ఇచ్చానని చెప్పడానికి కూడా మొహం చెల్లలేదు.

కాయలు ఏరే ఆడవాళ్ళను, రైతును దూరంగా రేకుల పంచ కిందికి పంపించాం. ఆయన పంగలో నిలబడి, పక్కనే నిలువుగా ఉన్న కొమ్మకు మోకు వేసుకున్నాడు. పెద్ద కొమ్మ కోత పూర్తయింది. బరువు తాడు మీద పడింది. మానుకు తిప్పిన చుట్లు కిర్రుమన్నాయి. పిడికిలి విప్పాడు, నేను కొంచెం వదిలాను. అప్పుడు నా చేతుల్లో బరువు ఒక్కసారిగా లేకుండా పోయింది. తాడు తెగింది. చిగురు మిరపకాయల్లో దిగబడింది, మొదలు వెనక్కి తన్ని ఆయన మోకు వేసుకున్న కొమ్మను కొట్టింది. ఆ కొమ్మ పంగ దగ్గర చీలింది. కొమ్మతో పాటు, మోకుతో పాటు ఆయన కిందికి వచ్చాడు. కాయల కుప్ప అంచు మీద పడ్డాడు కాబట్టి ప్రాణం దక్కింది.

ఎండుమిరప ఘాటు పైకి లేచింది. నాకు కళ్ళు కనపడలేదు. ఆయన దగ్గుతున్నాడు, దగ్గినప్పుడల్లా అరుస్తున్నాడు. చీలిన కొమ్మ బరువుకు మోకు ఆయన కడుపులోకి బిగుసుకుపోయి ఉంది. ఊపిరి ఆడటం లేదు. నేనే బకిల్ విప్పి, దాన్ని లాగి పక్కకు విసిరాను. అది ఆకుల్లోకి పోయింది. అప్పుడే రైతు, ఆడవాళ్ళు ముక్కుకు గుడ్డలు అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

రైతు ఆయన నడుము వైపు చూశాడు.

"మోకేదిరా? కట్టుకోలేదా?"

నా చేతిలో తెగిన తాడు కొస ఉంది. దాని లోపలి పోగుల్లో బూడిదరంగు పొడి కనపడుతోంది. పలకల అంచు ఎక్కడ ఒరుసుకుందో, ఎందుకు తెగిందో నాకు ఆ క్షణమే అర్థమైంది.

"చెబితే వింటేగా" అన్నాను.

అంతే అన్నాను. కట్టుకోలేదని అనలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆ తేడాను పట్టుకుని వేలాడాను. కానీ రైతుకు కావలసింది ఆ మాటే. తన కల్లంలో మనిషి పడితే తన మీదికి ఏం వస్తుందోనన్నదే ఆయన భయం. "చెబితే వినడంట, మోకు లేకుండా ఎక్కాడంట" అని పక్కవాళ్ళకు ఆయనే చెప్పాడు. ఆసుపత్రికి చేరేలోపు అది జరిగిన విషయమైపోయింది.

తుంటికి రాడ్డు వేశారు. ఇంటికి తెచ్చాక చూడబోయాను. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆమె నాకు టీ ఇచ్చి, "అన్నా, ఈయన మోకు లేకుండా ఎక్కే మనిషేనా? నువ్వైనా చెప్పు వాళ్ళకి" అంది.

ఆయన నా వంక చూశాడు. "పడ్డ దెబ్బకు నాకేదీ సరిగా గుర్తు రావట్లేదు బావా. నేను కట్టుకున్నానా, లేదా?"

ఆ ఒక్క ప్రశ్నకు నిజం చెప్పి ఉంటే మిగతాదంతా జరిగేది కాదు.

"ఆ కంగారులో నేను చూళ్ళేదు" అన్నాను.

మొదట్లో ఆయన అందరితో వాదించేవాడు. "కట్టుకునే ఉంటా, అలవాటు గదా" అనేవాడు. తర్వాత "ఏమో" అనడం మొదలుపెట్టాడు. చివరికి ఆ సంగతి ఎత్తితే తల వంచుకునేవాడు. తన చేతులు చేసిన పనిని తనే నమ్మలేని స్థితికి మనిషిని తెచ్చాను. తుంటి విరగడం ప్రమాదం అనుకున్నా, ఇది ప్రమాదం కాదు.

నేను వేరేవాళ్ళతో పనికి పోయాను. కొత్త తాడు కొన్నాను. ప్రతి పొద్దునా మొత్తం చూశాను. పాత తాడు కొసను మోటారు షెడ్డులో మేకుకు తగిలించాను. పారెయ్యాలని చాలాసార్లు తీశాను, మళ్ళీ తగిలించాను.

ఈ వేసవిలో కరెంటు లైన్ల కింద చెట్లు నరికే పని ఒక కాంట్రాక్టరుకు వచ్చింది. పైన ఎక్కడానికి కుర్రవాళ్ళు దొరికారు. కింద తాడు చూసేవాడు కావాలి. కుంటుకుంటూ నడవగలిగిన మనిషికి, చెట్టు సంగతి అంతా తెలిసిన మనిషికి అంతకంటే సరిపోయే పని లేదు. ఆయన వెళ్ళి అడిగాడు. కాంట్రాక్టరు కాదన్నాడు. ఆ సంగతి నాకు కాంట్రాక్టరే చెప్పాడు, ఫోన్లో.

"ఆయన వచ్చాడయ్యా. పాపం అనిపించింది. కానీ తన మోకే కట్టుకోనివాడికి కుర్రవాళ్ళ ప్రాణాలు ఎట్లా అప్పజెప్తా? నువ్వు రా. సోమవారం పెదకాకాని రోడ్డులో మొదలు."

రేపు చెబుతానని ఫోను పెట్టేశాను. నా అబద్ధం ఆయన తుంటితో ఆగలేదు. ఇప్పుడు ఆయన కూర్చోవలసిన చోట నన్ను కూర్చోబెట్టబోతోంది. ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. మోటారు షెడ్డుకు వెళ్ళి తాడు కొస తీసుకున్నాను. సోమవారంలోపు పని పూర్తి చెయ్యాలని నిశ్చయించుకున్నాను.

ముందు ఆయన ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చుని పక్కింటివాళ్ళ కత్తిపీటకు పదును పెడుతున్నాడు. తాడు ఆయన ఒళ్ళో పెట్టాను. వేళ్ళతో పోగులు విప్పాడు. పొడి రాలింది. వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"రాయి పొడి" అన్నాడు.

"గ్రానైటు. ముందు రోజు మా బావమరిదికి ఇచ్చా. ఆ పొద్దున తాడు చూళ్ళేదు."

"చూశా అన్నావుగా."

"అన్నా. చూళ్ళేదు. మోకు నువ్వు కట్టుకున్నావు. నీ నడుము మీద నుంచి నేనే విప్పా."

తిడతాడనుకున్నాను, కత్తిపీట పక్కన పెట్టి లేస్తాడనుకున్నాను. ఆయన లోపలికి తిరిగి ఆమెను పిలిచాడు.

"ఇటు రా. నేను కట్టుకున్నానంట."

ఆమె గుమ్మంలోకి వచ్చింది. తాడు చూసింది, నన్ను చూసింది. అన్నా అనలేదు.

"నాకు తెలుసు. నీకే తెలవలేదు" అంది ఆయనతో, లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన తాడు నా చేతికి తిరిగిచ్చాడు.

"మా ఇంట్లో చెబితే ఏం లాభం? ఆ మాట ఎక్కడెక్కడికి పోయిందో అక్కడ చెప్పి రా. పో."

పోయాను. రైతు మొదట వినలేదు. "అయిపోయిందిగదయ్యా, ఇప్పుడెందుకు తవ్వటం?" అన్నాడు. కల్లం పక్కన ఆ వేపచెట్టు ఇంకా ఉంది. చీలిన చోట బెరడు కట్టింది. తాడు చూపించి, మోకు ఎక్కడ విసిరానో అక్కడ నిలబడి చెప్పాను. కాసేపటికి ఆయనే ఒప్పుకున్నాడు, శుభ్రం చేసేటప్పుడు ఆకుల్లో బకిల్ విప్పిన బెల్టు ఒకటి కూలివాళ్ళకు దొరికిందని. అనవసరంగా ఎందుకులే అని ఊరుకున్నాడట. "ఎవరైనా అడిగితే ఇక చెబుతాలే" అన్నాడు. అడక్కపోయినా చెప్పమన్నాను.

సెంటర్లో టీ కొట్టు దగ్గర పొద్దున పూట మనుషులు నిండుగా ఉన్నప్పుడే చెప్పాను. కొంతమందికి అర్థం కాలేదు. ఒకాయన మాత్రం గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"ఇన్నాళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

"ఏం లేదు. భయం."

"ఎవరికి భయం? మంచంలో పడున్నోడికా?"

వెనకనుంచి ఇంకొకడు, "ఈయన చేతికి ఇంక గేదె పలుపు కూడా ఇవ్వకూడదురా" అన్నాడు. నవ్వారు. అనాల్సిన మాటే. అక్కడ నిలబడి టీ పూర్తిగా తాగాను. సగంలో వదిలేసి పోతే మళ్ళీ పారిపోయినట్టవుతుంది.

చివరిది కాంట్రాక్టరు. ఆయన షెడ్డులో తాళ్ళు, హెల్మెట్లు దింపిస్తున్నాడు. అంతా విని తాడు తిప్పి తిప్పి చూశాడు.

"అయితే తాడు నీ చేతికి ఇవ్వను."

"ఇవ్వమాకండి. అందుకే వచ్చా."

"మరి నువ్వేం చేస్తావు?"

"ఆయన్ని తీసుకోండి. నన్ను కొమ్మలు లాగమంటే లాగుతా. ఎక్కమంటే ఎక్కుతా."

"ఈ వయసులో? ఆ పొట్టతో?"

"కానుగ చెట్లెక్కగలను. అంతకంటే ఎత్తు కుర్రవాళ్ళు చూసుకుంటారు."

కాంట్రాక్టరు అప్పుడే ఏ మాటా చెప్పలేదు. ఆదివారం సాయంత్రం తాడు పనికి రమ్మని కుంటుతున్న ఆయన ఇంటికే కబురు వెళ్ళింది. నాకు కబురు రాలేదు. అయినా సోమవారం పొద్దున్నే పెదకాకాని రోడ్డు మీదికి వెళ్ళాను. పొమ్మంటే పోదామనుకున్నాను. ఎవరూ పొమ్మనలేదు, రమ్మని కూడా అనలేదు. కొమ్మలు లాగి ట్రాక్టరు ట్రక్కులోకి ఎత్తాను. ఆయన ఒక మూతపడ్డ కొట్టు మెట్ల మీద కూర్చుని, తాడు మొత్తాన్ని వేళ్ళలోంచి లాగుతున్నాడు. కర్ర పక్కన పెట్టుకున్నాడు. కొస వచ్చిందాకా తల ఎత్తలేదు.

మధ్యాహ్నం ఒక కుర్రవాడు ఎండకు కళ్ళు తిరిగి నీడలో పడుకున్నాడు. రోడ్డు పక్క కానుగ చెట్టు ఒకటి మిగిలి ఉంది. తీగకు కొమ్మ తగులుతోంది. లైను ఆపించారు, సాయంత్రంలోపు మళ్ళీ ఇవ్వాలి. కాంట్రాక్టరు నా వైపు చూశాడు. నేను మోకు తీసి నడుముకు బిగించాను. బకిల్ నొక్కాను. మా పద్ధతి ప్రకారం నేను అడగాల్సిన మాట ఒకటి ఉంది. అడిగాను.

"చూశావా?"

ఆయన చూశానని అనలేదు. తాడు చుట్ట నా కాళ్ళ దగ్గర వేశాడు.

"నువ్వు చూడు."

కుర్రవాళ్ళు చేస్తున్న పని ఆపి చూశారు. మా పనిలో ఆ మాటకు అర్థం ఏమిటో వాళ్ళకు తెలుసు.

"నువ్వు చూశావుగా" అన్నాను.

"చూశా. ఎక్కేది నువ్వు. నువ్వూ చూడు. రేపట్నుంచి వీళ్ళు కూడా చూస్తారు. ఎవడికీ పౌరుషం రాకూడదు. వస్తే ఇంటికి పొమ్మను."

కూర్చున్నాను. తాడును వేళ్ళలోంచి లాగడం మొదలుపెట్టాను. ఎండకు కాలిన నైలాను, పోగు మీద పోగు, ఎక్కడా మెత్తదనం లేదు. కరెంటువాళ్ళు తొందరపెడుతున్నారు. ఆయన వాళ్ళ వైపు చూడలేదు, నా చేతుల వైపు చూస్తున్నాడు. మధ్యలో ఒకచోట నేను కొంచెం గబగబా లాగితే, కర్రతో నేల మీద ఒకసారి కొట్టాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి అక్కడి నుంచి చూశాను.

కొస చేతికి వచ్చాక లేచి ఆయనకు ఇచ్చాను. ఆయన మానుకు చుట్లు తిప్పి పట్టుకున్నాడు. నేను చెట్టెక్కాను.